గోడవైపు తిప్పిన దొర

మా తమ్ముడు రవి ఐర్లాండులో డాక్టరు. ఆ దేశానికి పడమటి వైపున క్లేర్ అనే జిల్లా, దానికి ముఖ్యపట్టణం ఎన్నిస్. వాడుండేది అక్కడ. ఏళ్ల తరబడి వాడు రమ్మంటూనే ఉన్నాడు, నేను ఏదో ఒక వంక చెబుతూనే ఉన్నాను. ఈసారి మాత్రం పిలుపు వేరేగా వచ్చింది.

"అక్కా, నువ్వొక బొమ్మ చూడాలె," అన్నాడు ఫోనులో. "మేం గుడ్లు కొనే రైతు ఇంట్ల ఉన్నది. ఎప్పటిదో పాత దొర బొమ్మ. రంగు పెచ్చులు లేస్తున్నదట."

"మ్యూజియమోళ్లకు చూపియ్యమను."

"వాళ్లే ఎగ్జిబిషన్‌కు ఇయ్యమంటున్నరు. ఈయనకేమో, వాళ్లు కాకుండ ఇంకెవరన్న ముందుగాల చూసి చెప్పాలె అని. మా అక్క బొమ్మలేస్తది అని నోరు జారిన."

నేను హనుమకొండలో మనుషుల బొమ్మలు వేసి బతుకుతాను. బళ్లకు నాయకుల పటాలు, ఇళ్లకు పోయినవాళ్ల పటాలు. పోయినవాళ్లవే ఎక్కువ. ఫొటోలో మూసుకున్న కన్ను తెరిపించమంటారు, లేని నవ్వు తెప్పించమంటారు. పాత బొమ్మలు బాగుచెయ్యడం నా పని కాదని చెప్పాను. "నువ్వు చూస్తే చాలు," అన్నాడు రవి. ఆ దొరవి మొత్తం మూడు బొమ్మలున్నాయట. పడుచు వయసుది డబ్లిన్‌లో, నడివయసుది కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో, ముసలితనానిది ఈ రైతు దగ్గర. "ఎట్లాగూ డబ్లిన్ల దిగుతవ్ గద, మూడూ వరుసగ చూసుకుంట రా," అన్నాడు. అలా నా ప్రయాణం ఒక మనిషి వయసు వెంబడి సాగింది.

శాండీఫోర్డ్

డబ్లిన్‌లో నన్ను దింపుకున్నది దివ్య. హనుమకొండలో చిన్నప్పుడు నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చుట్టూ అద్దాల ఆఫీసులు, వాటి మధ్య అపార్ట్‌మెంట్లు, కింద నుంచి గంట కొట్టుకుంటూ పోయే ట్రామ్ బండి. దాన్ని లూవాస్ అంటారు. దివ్య ఇంట్లో అద్దె గురించి మాట్లాడకుండా ఒక పూట గడవదు. మన దగ్గర ఎండ గురించి మాట్లాడుకున్నట్టు అక్కడ తెలుగువాళ్లు అద్దె గురించి మాట్లాడుకుంటారు.

"మేడం, ప్రెస్‌ల కప్పులున్నయ్, తీసుకోండి," అని స్నానానికి వెళ్లింది. నేను ఇస్త్రీ పెట్టె దగ్గర వెతికాను, బట్టల బుట్ట వెతికాను. చివరికి దివ్య ఆరేళ్ల కొడుకు జాలిపడి వంటింటి అలమర తలుపు తెరిచి చూపించాడు. అక్కడ అలమరను ప్రెస్ అంటారు. "ఆకలైతుందా నాన్నా?" అని అడిగితే "ఐయామ్ గ్రాండ్" అన్నాడు, ఏమీ వద్దని, అచ్చం ఆ ఊరి యాసలో. నేనన్న ప్రతి మాటా వాడికి అర్థమవుతోంది, తెలుగు మాత్రం నోటికి రావడం లేదు.

ట్రామెక్కి ఊళ్లోని చిత్రశాలకు వెళ్లాం. టికెట్ లేదు, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. మనిషి బొమ్మను ఊరికే చూడనిచ్చే దేశం నాకు అక్కడే నచ్చింది. ఆ సంతోషం పక్కనున్న కాఫీ హోటల్లో పోయింది. ఒక టీ, ఒక స్కోన్ అనే తియ్యటి రొట్టె తీసుకుంటే, మా ఊళ్లో ముగ్గురికి భోజనాలు పెట్టే డబ్బయింది.

ఆ దొర, లార్డ్ కారిగ్‌మోర్, రెండో గదిలో ఉన్నాడు. పాతికేళ్లవాడు. నల్లకోటు, తెల్లటి మెడపట్టీ, వెనక గుర్రాలు కట్టిన తోట. అందగాడే. తల కొంచెం పైకెత్తాడు. గోడలో ఎంత పైన వేలాడదీసినా, మనం ఇంకా కిందనే ఉన్నామనిపించే చూపు. కింద రాసిన నాలుగు ముక్కల్లో ఉన్నది ఇదీ: క్లేర్ జిల్లా జమీందారీ కుటుంబం, చిన్నవయసులోనే లండన్ పార్లమెంటు సభ్యుడు, మంచి వక్త.

"చెయ్యి తిరిగినోడే వేసిండు," అన్నాను దివ్యతో. "కని డబ్బిచ్చినోడికి నచ్చేటట్టు వేసిండు. మొహంల ఒక్క గీత లేదు."

"ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టర్ మేడం," అంది దివ్య.

అక్కడ కాపలా కూర్చున్నామె నవ్వింది. మా మాటల్లో ఆ ఇంగ్లీషు ముక్క ఒక్కటే అర్థమై ఉంటుంది. "ఆయన ముందు ఆగని ఆడవాళ్లు లేరు," అంది. "వచ్చే నెల ఆయన మిగతా బొమ్మలూ వస్తాయంటున్నారు. ముసలితనం బొమ్మను ఎవరూ చూడనే లేదట."

నేనే చూడబోతున్నానని చెప్పలేదు. చెప్పాలని మాత్రం చాలా అనిపించింది.

బాలింకాలిగ్

కార్క్‌కు రైల్లో వెళ్లి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని బాలింకాలిగ్‌లో దిగాను. ఒకే అచ్చు పోసినట్టున్న ఇళ్ల కాలనీలు. ఒక కాలనీ పేరుకే డ్రైవ్ అని, క్లోజ్ అని, గ్రోవ్ అని తోకలు తగిలించి వీధులు చేస్తారు. నేను క్లోజ్‌కు బదులు డ్రైవ్‌లో బెల్ కొట్టాను. ఒక పెద్దాయన తలుపు తీసి, "రా అమ్మా, రా, నీకోసమే చూస్తున్నా," అని లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేసి, చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకు చాపాడు. రక్తం తీసుకోడానికి వచ్చే నర్సు అనుకున్నాడు! సంగతి తెలిశాక ఇద్దరం చాలాసేపు నవ్వాం. అయినా టీ తాగందే పంపలేదు. నేను వెళ్లవలసిన ఇల్లు వెనక వీధిలోనే ఉంది. తానే తోడొచ్చి చూపించాడు.

ఆ ఇంటావిడ పేరు ఆలివ్. డెబ్బై దాటినామె, లార్డ్‌గారి తమ్ముడి వంశం. జమీందారీ ఆనవాలు ఏమీ లేదు. చిన్న ముందుగది, బట్టలు ఆరేసిన కుర్చీ, టీవీ. టీవీ పైన గోడ నిండా ఆయన.

నలభై ఏళ్ల మనిషి. చేతిలో కాగితం ఉంది గాని దాన్ని చూడటం లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. బొమ్మ వేయించుకునేవాళ్ల నోరు తెరిచి వెయ్యం మేము, ఎవరైనా వెర్రిగా కనిపిస్తారు. ఈ చిత్రకారుడు సాహసం చేశాడు. మాట మధ్యలో ఆగిన మనిషి ఆయన. చిత్రశాలలో చూసిన కుర్రవాడి కళ్లే, కాని ఆ చూపు లేదు.

"ఏం మాట్లాడుతున్నాడు?" అని అడిగాను.

"మా ఆస్తి పోయే మాట," అంది ఆలివ్, కప్పు నా చేతికిస్తూ.

ఆమె చెప్పిన కథ ఇది. బంగాళాదుంప పంట కుళ్లిపోయి జనం ఆకలితో చచ్చిపోతున్న ఏళ్లలో, పార్లమెంటు ఒక నిబంధన తెచ్చింది. పావు ఎకరం కన్నా ఎక్కువ కౌలుభూమి ఉన్నవాడు, ఆ భూమి వదులుకుంటేనే ప్రభుత్వ గంజి. కాగితం మీద అది పొదుపు. లార్డ్ కారిగ్‌మోర్ దానికి ఒప్పుకుంటూ చెయ్యెత్తాడు. ఆ చలికాలం ఇంటికొచ్చి చూస్తే, భూమి వదిలి రోడ్డున పడ్డ కుటుంబాలు ఆయన గేటు ముందు నుంచే నడిచిపోతున్నాయి. లండన్ తిరిగి వెళ్లి సభలో లేచి, తాను తప్పు చేశానని, ఆ నిబంధన తీసెయ్యమని అడిగాడు. సొంత పార్టీవాళ్లే కాళ్లు నేలకేసి కొట్టి మాట వినపడనివ్వలేదు. ఆయన మళ్లీ లేచాడు. వాళ్లు ఎన్నికల్లో నిలబెట్టినన్నాళ్లూ లేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత పార్టీ ఆయనను నిలబెట్టలేదు.

"తండ్రి పోయాక జమీందారీ చేతికొచ్చింది. కౌలు వసూలు ఆపేశాడు. వెళ్లగొట్టినవాళ్లలో బతికి తిరిగొచ్చినవాళ్లకు పొలాలు ఇచ్చేశాడు. ఇల్లు అమ్ముడుపోయింది. గేటు పక్కనున్న కాపలావాడి గదిలో చనిపోయాడు," అంది ఆలివ్. "మా నాన్న ఈ బొమ్మను మెట్ల కింద పెట్టి ఉంచేవాడు. ఈయన వల్లే మనం ఇలా అయిపోయామని."

"మీరు మరి బయటికి తీశారు కదా."

ఆమె బొమ్మ వైపు చూసింది. "నేను తప్పు చేశాను అని పదిమందిలో లేచి చెప్పిన రాజకీయ నాయకుణ్ణి మీ దేశంలో ఎప్పుడైనా చూశావా?"

ఆలోచించాను. "లేదండీ."

"మేమూ అంతే. అందుకని తీశాను."

బస్సు దాకా వచ్చి సాగనంపుతూ, ఎన్నిస్‌లోని మూడో బొమ్మను తాను ఎన్నడూ చూడలేదని చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఒకసారి అక్కడికి వెళ్లిందట. తలుపు తీసిన ఇంటావిడ వీళ్ల ఇంటిపేరు విని మాట్లాడకుండా తలుపు వేసేసిందట. "తప్పేం లేదు," అంది ఆలివ్. "నేనైనా వేసేదాన్ని."

ఎన్నిస్

ఎన్నిస్ చిన్న ఊరు. ఇద్దరు మనుషులు ఎదురైతే దారి ఇవ్వడానికి ఒకరు పక్కకు ఒదగాల్సిన సన్న వీధులు. మా మరదలు తన తమ్ముడి పెళ్లికి ఇండియా వెళ్లి ఉంది. రవి నాకోసం ఆలుగడ్డ వేపుడు చేశాడు. అక్కడి ఆలుగడ్డలు పిండి గడ్డలు. మూకుడులో వెయ్యగానే విడిపోయి ముద్దయ్యాయి.

"వేపుడే చేసిన అక్కా, నువ్వు చూస్తున్నవ్ గద," అన్నాడు.

"కనపడ్తలే తమ్మీ."

ఆ ముద్దలోనే ఇంత నిమ్మకాయ పిండి, మామిడికాయ పచ్చడితో తిన్నాం. ఈ గడ్డ కుళ్లిపోయే కదా ఇంతమంది పోయింది అనుకుని, కంచంలో ఏమీ మిగల్చకుండా తిన్నాను.

రైతు సంగతి అప్పుడు చెప్పాడు రవి. పేరు మైకేల్. పెళ్లి చేసుకోలేదు, అక్క బ్రీడాతో ఉంటాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి అంతగా స్వాధీనంలో లేదు. బొమ్మ ఇవ్వాలని ఆయన, ఇవ్వద్దని ఆమె. ఇవ్వద్దనే కాదు, తగలబెట్టెయ్యమంటుందట.

"ఎల్లుండి వ్యాన్ వస్తదట. ఇద్దరు మాట్లాడుకుంటలేరు. నేను గుడ్లకు పోతే ఒకరు డబ్బు తీసుకుంటరు, ఒకరు గుడ్లిస్తరు."

గేటు పక్క ఇల్లు

వర్షం, ఎండ కలిసి పడుతున్నాయి. పెద్ద ఇల్లు ఉండిన చోట ఇప్పుడు ఆవులు మేస్తున్నాయి. రెండు రాతి స్తంభాలు, వాటి పక్కన పొట్టి ఇల్లు. మైకేల్ తలుపులోనే ఉన్నాడు. అక్కడ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. ఎనభై ఏళ్లాయనను మైకేల్ అనడానికి నాకు నోరు రాలేదు. "అంకుల్" అన్నాను. ఆయనకు అది బాగా నచ్చింది. "బ్రీడా, విన్నావా, నేను అంకుల్నట," అని లోపలికి కేకేశాడు. లోపలి నుంచి జవాబు రాలేదు.

బొమ్మ వంటింటి వెనకగోడకు ఉంది. అంటే, చట్రం వెనకభాగం ఉంది. చెక్క, మేకులు, బూజు. బొమ్మ గోడవైపు తిరిగి ఉంది.

"ఎప్పటినుంచి ఇలా?"

"మా నాన్న వాళ్ల తాతకు తల్లి, హొనోరా. ఆమె అలా పెట్టింది. ఎవ్వరం తిప్పలేదు."

హొనోరా భర్త ఆ నిబంధన కింద పొలం వదిలేసి గంజికి వెళ్లినవాళ్లలో ఒకడు. రోడ్డు మీద ఇద్దరు పిల్లలు పోయారు, తర్వాత ఆయనా పోయాడు. ఆమె ఒక్క బిడ్డతో తిరిగొచ్చింది. లార్డ్ ఆమెకు గేటు పక్క పొలం ఇచ్చాడు. ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ఇల్లు పోయి, నౌకర్లు పోయి, ఈ గదిలోకి వచ్చిపడ్డాక రోజూ పొద్దున పాలచెంబు గుమ్మంలో పెట్టి వెళ్లేది. అప్పుడూ మాట్లాడలేదు. ఆయనతో ఉన్నది పెళ్లికాని కూతురు ఒక్కతే. ఈ బొమ్మ వేసింది ఆ కూతురే. తండ్రి పోయాక ఆమె దేశం విడిచి వెళుతూ, ఇవ్వడానికి ఇంకేమీ లేక దీన్ని హొనోరాకు ఇచ్చింది. హొనోరా తీసుకుంది, ఖాళీ అయిన ఈ ఇంట్లోకి మారి, గోడవైపు తిప్పి మేకుకు తగిలించింది.

"కోపంతోనా?" అని అడిగాను.

"కొందరు అలా అంటారు. పొయ్యి పొగ ఆయన ముఖానికి తగలకూడదని అంటారు కొందరు," అన్నాడు మైకేల్.

"కోపంతోనే," అంది ఒక గొంతు. బ్రీడా గుమ్మంలో ఉంది. సన్నటి మనిషి, చేతిలో గుడ్ల బుట్ట. "చెయ్యెత్తినవాడు చెయ్యెత్తినవాడే. తర్వాత ఏడిస్తే ఆ పిల్లలు లేచి వస్తారా?"

చట్రం కొంచెం దూరం జరిపి, ఫోను లైటు వేసి గోడకూ బొమ్మకూ మధ్య చూశాను. గోడ చెమ్మ. కింది భాగంలో రంగు ఎండిన చెరువు మట్టిలా పెచ్చులు లేచి నిలబడి ఉంది. ముట్టుకుంటే రాలుతుంది.

"అంకుల్, దీన్ని నిలబెట్టి తీసుకెళ్లకూడదు. ముఖం పైకి ఉండేట్టు పడుకోబెట్టాలి. ఇప్పుడే దింపి, చెమ్మ లేనిచోట పెడితే మంచిది. బాగుచేసే పని నాది కాదు, చిత్రశాలవాళ్లే చెయ్యాలి."

వంటింటి బల్ల ఒక్కటే అంత పెద్దది. దించాలంటే ఇద్దరు కావాలి. మైకేల్ ఎడమ చేత్తో ఒక పక్క పట్టుకున్నాడు. కుడిచెయ్యి లేవలేదు. నేను రెండో పక్క. బొమ్మ ఒరిగింది. ఏదో రాలిన చప్పుడు.

"ఆగు," అంది బ్రీడా. బుట్ట కింద పెట్టి వచ్చి తమ్ముడి కుడివైపు పట్టుకుంది. ముగ్గురం దాన్ని మెల్లగా తిప్పి, బల్ల మీద పరిచిన దుప్పటిపై పడుకోబెట్టాం.

పొగ తగలలేదు కదా, రంగులు నిన్న వేసినట్టున్నాయి. చెయ్యి తిరగని బొమ్మ. ఒక భుజం పొడుగు, కుర్చీ వంకర. కాని కూతురు కదా, ఉన్నది ఉన్నట్టు వేసింది. పల్చటి జుట్టు, ముడతలు, మోకాళ్ల మీద వాచిన చేతులు. కళ్లు మన వైపు లేవు. గుమ్మం వైపు చూస్తున్నాడు. ఆయన కాళ్ల పక్కన చిన్న పాలచెంబు ఉంది.

కాసేపటికి బ్రీడా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ ఊళ్లో దొరలుండేవారా?" అని నన్ను అడిగింది.

ఉండేవారని చెప్పాను. మా నాయనమ్మ దొర గడీ ముందు ఊడ్చి చల్లేదని, కూలీ లేదని, వెట్టి అనేవాళ్లని చెప్పాను. గడీ తర్వాత బడి అయింది, అందులోనే నేను చదివాను. అయినా నాయనమ్మ నన్ను దింపడానికి వస్తే గేటు దాటి లోపలికి వచ్చేది కాదు. "ఆ దొరల మనవళ్లకు వాళ్ల తాతల బొమ్మలు నేను వేసిచ్చాను. మా నాయనమ్మ బొమ్మ వెయ్యమని ఎవరూ అడగలేదు. ఫొటో కూడా లేదు. గుర్తున్నంత వరకు నేనే వేసుకున్నాను."

"ఆమె పేరేమిటి?"

"రాజవ్వ."

"రాజవ్వ," అంది బ్రీడా, నోరు తిరిగినంత మేరకు. లేచి కెటిల్ పెట్టింది.

సాయంత్రానికి సంగతి ఊరంతా తెలిసింది. అక్కడ వేసవిలో పొద్దు గూకడానికి చాలాసేపు పడుతుంది. ఆ వెలుతురులో ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. పక్క పొలం ఆయన, పోస్టు తెచ్చే ఆమె, బిడ్డనెత్తుకున్న ఒకామె. బల్ల చుట్టూ నిలబడి చూశారు. ఒకరిద్దరు ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నారు. మనిషి పోతే అక్కడ ఇంట్లోనే పడుకోబెట్టి, ఊరంతా వచ్చి చూసి, టీ తాగి, ఆ మనిషి మంచీ చెడూ మాట్లాడుకుని వెళతారట. మన దగ్గర శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించం, నీళ్లు కూడా ముట్టం. వాళ్లు రొట్టెలు కోశారు. మంచీ చెడూ రెండూ మాట్లాడారు, గట్టిగానే. తన ముత్తాతకు పొలం తిరిగిచ్చింది ఈయనే అన్నారు ఒకరు. తమవాళ్లు తిరిగి రానే లేదు అన్నారు ఇంకొకరు. బ్రీడా ఎవరి మాటకూ అడ్డు చెప్పలేదు. అందరి కప్పులూ నింపుతూ పోయింది.

వ్యాను

వ్యాను వచ్చిన పొద్దున రవి డ్యూటీకి పోతూ నన్ను అక్కడ దింపాడు. చిత్రశాల నుంచి ఒక పడుచమ్మాయి, ఒక డ్రైవరు వచ్చారు. ఆమె పెచ్చుల మీద పల్చటి కాగితం అతికి, బొమ్మను పడుకోబెట్టినట్టే పెట్టెలోకి సర్దింది. మైకేల్ సంతకం పెట్టబోయాడు.

"ఆగు," అంది బ్రీడా. అమ్మాయి వైపు తిరిగింది. "బొమ్మ కింద ఆయన పేరు రాస్తారు కదా."

"రాస్తామండీ."

"బ్రిజిడ్, టామ్. హొనోరా పిల్లలు. వాళ్ల పేర్లు కూడా రాయాలి. ఎలా పోయారో రాయాలి. అవి లేకుండా ఆయన పేరు రాయకూడదు."

"నేను మా పెద్దవాళ్లని అడగాలండీ."

"అడుగు. నేను టీ పెడతాను."

ఆ పిల్ల ఫోను పట్టుకుని వానలో పెరట్లోకి వెళ్లింది. మేం కిటికీలోంచి చూస్తున్నాం. తల ఊపుతోంది, చెయ్యి ఆడిస్తోంది, మళ్లీ తల ఊపుతోంది. తడిసి లోపలికి వచ్చి, "రాస్తారట," అంది. బ్రీడా ముఖంలో ఏ మార్పూ లేదు. కప్పు ఆమె ముందుకు జరిపింది. మైకేల్ ఎడమచేత్తో వంకరగా సంతకం చేశాడు.

పెట్టె వ్యానులోకి ఎక్కించారు. తలుపు వేస్తుండగా బ్రీడా ఇంట్లోంచి కోటు తొడుక్కుని, చేతిసంచీ పట్టుకుని వచ్చింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు మైకేల్.

"డబ్లిన్‌కి. రాస్తామన్నారు. రాశారో లేదో చూడొద్దూ?"

"ఎగ్జిబిషన్ వచ్చే నెల కదా!"

"అయితే ఏం? ఎక్కడ పెడతారో చూసొస్తాను. రాత్రి రైలుకి వస్తాను. కోళ్లకు గింజలు వెయ్యి."

చిత్రశాల అమ్మాయి నా వైపు చూసింది. నేను పక్కకు జరిగి బ్రీడాకు దారి ఇచ్చాను. ఆమె ముందు సీట్లో ఆ పిల్లకూ డ్రైవరుకూ మధ్య ఇరుక్కుని కూర్చుని, ఒడిలో సంచీ పెట్టుకుంది.

వ్యాను రాతి స్తంభాల మధ్య నుంచి బయటికి వెళ్లింది. ఆ సందులో గుంతలున్నాయి, వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. మొదటి గుంతలో చక్రం పడగానే, తెరిచిన కిటికీలోంచి బ్రీడా గొంతు మా దాకా వినిపించింది.

"మెల్లగా పోనీ బాబూ. ముసలాయనున్నాడు వెనకాల."